మార్కెట్ కట్టే ముందు

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన రాజ్యాంగ 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 పనులను చేర్చింది. వీధిదీపాలు, శ్మశానాలు, కబేళాలు, మరుగుదొడ్లు వాటిలోవే. రాష్ట్రాలు పురపాలక సంఘాలకు అప్పగించగల పనులివి.

వీటితో పాటు చిన్న పట్టణానికి నిత్యం అవసరపడేది మార్కెట్. సిద్దిపేట, గజ్వేల్ కూరగాయలు, మాంసం, చేపలను ఒకే ఆవరణలోకి తెచ్చి సమీకృత మార్కెట్లు కట్టుకున్నాయి. ఇలాంటి కట్టడంలో నేను ముందు నేల చూస్తాను. చేపలు కడిగిన నీరు నిలవకుండా నేలకు వాటం ఉందా? ఆ నీరు కూరగాయల వైపు రాకుండా వేరే కాలువలోకి పోతోందా? కాలువ మీద జాలీ ఉందా? కూర్చుని అమ్మే ఆవిడకు అరుగు ఎత్తు సరిపోవాలి. తెల్లవారుజామున ఆటో ఆగి బస్తాలు దించే చోటుండాలి. అవి లేకపోతే ఎంత పెద్ద షెడ్డు వేసినా గంపలు మళ్లీ రోడ్డెక్కుతాయి.

2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం వీధి వర్తకం వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వర్తకులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. మార్కెట్ ప్లాను గీయకముందే ఆ వర్తకుల మాట వినాలి.

మీ ఊళ్లో కొత్త మార్కెట్ ప్రతిపాదన ఉంటే, శంకుస్థాపనకు ముందే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ప్లాను చూపించమని అడగండి.