స్వాధీన మెవరిది?
(ఒక గ్రంథాలయ వార్షిక సభయందు చేసిన ప్రసంగము)



పొలము తగాదా వచ్చినపుడు న్యాయస్థానమున తప్పక లేచు ప్రశ్న యొకటి కలదు: స్వాధీన మెవరిది? పట్టా యొకరి పేర నుండవచ్చును. కాని వేరొకడు ఆ పొలము తనదేయని బాహాటముగ చెప్పుకొనుచు పండ్రెండేండ్లు దున్నుకొనుచుండగా హక్కుదారు నోరు మెదపకున్నచో, 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టముచే అతని దావా హక్కు అంతరించును. నిదురించువాని పొలమునకు చట్టము కావలి కాయదు.

మన దినచర్య గతియు నిట్లే యున్నది. దినము మన పేరనే యున్నది. స్వాధీనము మాత్రము చేతిలోని ఫోనుది. కన్ను తెరచినతోడనే, ఇంటివారిని పలుకరించుటకు పూర్వమే, దానిని చూతుము. రాత్రి దీప మార్పిన పిమ్మటను దానినే చూతుము.

ఇది కేవలము మన మనోదౌర్బల్యమని తలంపరాదు. ఆ యంత్రమట్లు నిర్మింపబడినది. పుస్తకమునకు కడపటి పుట యున్నది. వ్రేలు జరపిన కొలది క్రొత్త విషయము లూరుచుండు తెరకు కడ లేదు. ఈ యేర్పాటును 2006లో రూపొందించిన ఏజా రాస్కినే పిమ్మట దానికి విచారము వెలిబుచ్చెను. అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నరు పావురములపై చేసిన ప్రయోగములలో, గింజ యెన్ని పోటులకు పడునో తెలియని పావురమే విడువక పొడుచుచుండెను. ఫోను మ్రోగినపుడు వచ్చినది బిడ్డ క్షేమవార్తయో, చీరల ప్రకటనయో మనకు తెలియదు. కావుననే మాటిమాటికి చూతుము.

‘అంగీకరింతును’ అను బొత్తామును మనమే నొక్కితిమి గదా యని కొంద రందురు. 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టమును, 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును సమ్మతి స్వేచ్ఛగా నీయబడవలెనని చెప్పుచున్నవి. కాని అర్ధరాత్రి మన చేతినుండి ఫోను తీసి బల్లపై నుంచుటకు ఏ చట్టమును రాదు. ఆ పని మనదే.

యంత్రమును ద్వేషింపుడని మేము చెప్పము. యంత్రములను తీవ్రముగ విమర్శించిన గాంధీ మహాత్ముడే 1924లో ఒక విద్యార్థి ప్రశ్నకు బదులిచ్చుచు సింగరు కుట్టుమిషనును మినహాయించెను. అది ప్రేమనుండి పుట్టిన యంత్రమని ఆయన మెప్పు. డల్లాసులోని మనుమని ముఖమును తెనాలిలోని అవ్వకు చూపు ఫోను ఆ కుట్టుమిషను జాతిదే. ఎదుట కూర్చున్న మనుమనిని అవ్వతో మాటాడనీయని ఫోను వేరు జాతిది. వస్తువొక్కటే; వాడుకయే భేదము.

కావున నాలుగు చిన్న నియమములను సూచింతుము. ఫోనును పడకగదిలో నుంచకుడు. మేలుకొలుపునకు అలారం గడియారము కొనుడు. అది లేపి యూరకుండును, వార్తలు చెప్పదు. మనుష్యుల పిలుపులు తప్ప తక్కిన మ్రోత లన్నిటిని ఆపివేయుడు. ఫోను నెత్తుటకు ముందు ఎందు కెత్తుచున్నారో మనసులో అనుకొనుడు. ఏమి కోరుచున్నాడో చెప్పని వాది దావా నిలువదు గదా! భోజనము వేళ విస్తరియొద్దకు ఫోనును రానీయకుడు. ఈ నియమమును పిల్లలకు చెప్పుటకు ముందు పెద్దలు పాటింపవలెను.

అయితే ఆటో నడుపువారికి, ఇంటింటికి భోజనము చేరవేయు కుర్రవాండ్రకు ఆ మ్రోతయే కూడు పెట్టుచున్నది. పలుకకున్న ఆనాటి కూలి పోవును. వారికి నీతులు చెప్పుట మాకు తగదు. పిలుచువారికే చెప్పవలసియున్నది. రాత్రి పది గంటలకు గుమాస్తాకు సందేశము పంపకుండుట యజమాని ధర్మము. పది నిమిషముల యాలస్యమునకు కుర్రవానిపై కోపింపకుండుట మన ధర్మము. మన కాలమును కాపాడుకొని పరుల కాలము నాక్రమించుట న్యాయము కాదు.

ఇవి చిన్న పనులేయని నవ్వువారుందురు. పొలముగట్టున నిలిచి ‘ఇది నాది’ యనుటయు చిన్న పనియే. దానిని చేయకనే యెందరో భూములు పోగొట్టుకొనిరి. ఫోనులో ఇంటర్నెట్టు చౌకయై మన పల్లెపల్లెకు ప్రాకినది 2016 తరువాతనే. ఆ లెక్కను పండ్రెండేండ్ల గడు వింకను తీరలేదు. నేటి రాత్రియే ఆక్షేపణ తెలుపుడు.