కోలారు కాని కోలారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పచ్చడి తిన్న నోటితో ఏదైనా తీయని సంగతి చెప్పమని కార్యదర్శిగారు మమ్ములను కోరినారు. మేము రైల్వే గుమాస్తాలము. మాకు తెలిసినవి రెండే: ఊళ్ళ పేర్లు, ఛార్జీలు. ఛార్జీల మాట ఎవరికీ తీయగా ఉండదు గనుక ఒక ఊరి పేరును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

తిరువళ్ళూరు కిటికీ దగ్గరకు వచ్చి "కోలారుకు రెండు టిక్కెట్లు" అని అడిగేవారు ఉన్నారు. "కోలారుకా, బంగారు గనులకా?" అంటే, "రెండూ ఒకటే గదయ్యా" అని విసుక్కొంటారు. ఒకటి కావు. కోలారు పట్టణమునకు, గనులకు నడుమ సుమారు 30 కిలోమీటర్ల దూరమున్నది. బంగారపేటలో దిగినవారికి కోలారు దారి ఒకటి, గనుల దారి మరొకటి. పోనీ, కె.జి.ఎఫ్. అని టిక్కెట్టు ఇద్దామంటే ఆ పేరుతో స్టేషనే లేదు. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ దాటి మారికుప్పములో పట్టాలు ఆగిపోతవి. ఇవన్నీ కలిస్తేనే మనమనే కె.జి.ఎఫ్.

ఒక్క ఊరికి ఇన్ని పేర్లెందుకు? అది ఒక్క ఊరుగా పుట్టలేదు. 1802లో వారెన్ అను సైనికాధికారి ఆ ప్రాంతము కొలవవచ్చి, ఊరిగాం, మారికుప్పం పల్లెలవారు మట్టి కడిగి బంగారము తీయుట చూచినాడు. 1870ల్లో లవేల్ అను మాజీ సైనికుడు త్రవ్వుటకు అనుమతి పొందినాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగిన తరువాత గాని పని సాగలేదు. ఒక్కొక్క గని చుట్టూ ఒక్కొక్క పేట లేచినది. ఛాంపియన్ అనగా రాతిలో బంగారము నడచిన ఒక చారకు పెట్టిన పేరు. రాబర్ట్‌సన్‌పేట మైసూరులోని ఆంగ్ల రెసిడెంటు పేర వెలసినది. 1862 నుండి 1870 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగు పేర బౌరింగుపేట అయిన ఊరే తరువాత బంగారపేట అయినది. దొర పోయి బంగారము వచ్చినదన్నమాట! కాని రైల్వే సంకేతము మాత్రము బి.డబ్ల్యు.టి. అనియే ఉన్నది. బౌరింగు దొర మా కంప్యూటరులో ఇంకను కూర్చునే ఉన్నాడు.

కూలికి పోయినవారు పెట్టుకొన్న పేర్లు వేరు. చీనావారు సాన్‌ఫ్రాన్సిస్కోను నేటికిని "పాత బంగారు కొండ" అంటారు. ఆస్ట్రేలియాలో 1851లో బంగారము పడగా మెల్‌బోర్న్ "కొత్త కొండ" అయినది, ఇది పాతదైనది. జోహాన్నెస్‌బర్గును జులూవారు "బంగారపు చోటు" అంటారు. మన తమిళ సోదరులు కోలారు గనులను "తంగవయల్" అన్నారు, బంగారు పొలమని. ఇంగ్లీషు ఫీల్డు అన్న మాటను వరిపొలము చేసినారు. తెలుగులో మనము గనులన్నాము. అర్థమునకు మనదే సరి. అయినా వయల్ అన్నదే మాకు ఇంపు: సెంటు భూమి లేక ఊరు విడిచిపోయినవారు పొలమని పిలుచుకొన్న చోటు అది. అక్కడ భూమిలోనికి దిగినవారిలో ఉత్తర ఆర్కాటువారు, అందులోను అణగారిన కులములవారు, చాలమంది.

ఇక అసలు సంగతికి వస్తాము. ఉత్తర ఆర్కాటు అనగానే మనది కాదనుకోకండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు తిరుత్తణి ఉత్తర ఆర్కాటులోనిదే. 1960 ఏప్రిల్ 1వ తేదీని చిత్తూరు నుండి మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టుకు మారినది. 1997 నుండి తిరువళ్ళూరు జిల్లా. ఇల్లు కదలలేదు, జిల్లాలు నాలుగైనవి.

మాకు తెలిసిన ఒక కుటుంబములో తాతగారు గనిలో పనిచేసిన కాగితము ఒకటి దొరికినది. స్వస్థలము ఉత్తర ఆర్కాటు, పనిచేసిన చోటు ఊరిగాం అని ఉన్నది. మనుమడు అర్జీలో స్వస్థలము తిరువళ్ళూరు జిల్లా అనియు, పనిచేసిన చోటు కోలారు అనియు వ్రాసినాడు. ఒక కార్యాలయమువారు రెండు మనుష్యులు ఒకరు కారని త్రిప్పి పంపినారు. మేము నాలుగు జిల్లాల వరుసను, రెండు ఊళ్ళ దూరమును ఒక కాగితముపై వ్రాసి ఇచ్చినాము. ఈసారి తీసికొన్నారు. జవాబు ఇంకను రాలేదు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగి, సుమారు 800 టన్నుల బంగారము ఇచ్చి మూతపడినవి. అక్కడి బిడ్డలు తెల్లవారుజామున బండెక్కి బెంగుళూరు పనులకు పోయి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. మన పిల్లలను కె.జి.ఎఫ్. అంటే ఏమని అడిగితే 2018లో వచ్చిన సినిమా అంటారు. తప్పు పట్టము. ఇంట్లో ఎవరును చెప్పలేదు మరి.

కనుక తాతముత్తాతలు గనులకు పోయినవారి ఇండ్లలో పెద్దలు ఉండగానే అడుగుడు: ఏ గని, ఏ షాఫ్టు, ఏ లైనులో కాపురము, ఏ స్టేషనులో దిగేవారు. కోలారు అని మాత్రము వ్రాసి ఊరుకోకండి. పాత కాగితములలో ఊరి పేరు ఎట్లున్నదో అట్లే దించుకొని, ప్రక్కన నేటి పేరు వ్రాయండి. చదువ తెలియనివారికి వ్రాసి పెట్టుటకు ఆదివారము సాయంత్రములందు మేము సంఘము గదిలోనే ఉంటాము. కాగితము చినిగినదైనను తేవచ్చును.