చలిలో ఘాటెక్కే ఆటోమేటిక్ కారు

గజపతినగరం మీదుగా కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు దాటాక ఘాటెక్కుతుంది. పుష్యమాసంలో తెల్లవారకుండా బయల్దేరితే పైన చలి గట్టిగానే ఉంటుంది.

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ సుమారు 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పనిచేస్తుంది. చల్లగా ఉంటే చిక్కబడి, గేర్లు కాస్త ఆలస్యంగా మారతాయి. అది రిపేరు కాదు, కంగారు పడొద్దు. ఇంటి ముందు ఇంజను తిప్పుతూ కూర్చుంటే పెట్రోలు దండగ. అర నిమిషం ఆగి, మొదటి నాలుగైదు కిలోమీటర్లు యాక్సిలరేటరు మెత్తగా తొక్కండి చాలు.

మన దగ్గర అసలు బెడద వేడితోనే. నిండా మనుషులతో, లోడు లారీ వెనక ఘాటెక్కుతుంటే, బయట ఎంత చలైనా లోపల ఆయిల్ కాగిపోతుంది. కాబట్టి చలికని రేడియేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టొద్దు. చాలా కార్లలో ఈ ఆయిల్‌ని చల్లబరిచేదీ రేడియేటరే. ఎక్కేటప్పుడు తక్కువ గేరు వాడండి. చిన్న కార్లలో ఎక్కువగా వచ్చే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) గేర్‌బాక్స్ అయితే టార్క్ కన్వర్టర్ ఉండదు, వేడెక్కేది క్లచ్. వాలులో యాక్సిలరేటరుతో బండి నిలబెట్టకుండా బ్రేకు వేయండి.

టార్క్ కన్వర్టర్ కారులో వేడి హెచ్చరిక దీపం వెలిగితే పక్కకు ఆపి, పార్క్‌లో పెట్టి, ఇంజను ఆపకుండా కొన్ని నిమిషాలు తిరగనివ్వండి. ఆయిల్ కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది.