సోమిద వృక్షము



వేపచెట్టు నెరుగని బాలుడు తెలుగుదేశమున లేడు. ఆ వేపకు జ్ఞాతియైన సోమిదను గుర్తింపగలవారు మాత్రము నేడు అరుదు. అమెరికా ఖండపు మహాగని కూడ ఈ కుటుంబములోనిదే. ఇటీవల రైతులు ఆ మహాగని మొక్కలను కొనితెచ్చి తోటలు వేయుచున్నారు. ఇంటి చుట్టము మాత్రము అడవిలో అనామకముగా నున్నది.

సోమిద భారతదేశమునను, సింహళమునను మెట్ట అడవులలో పెరుగును. వేసవి ముందు ఆకు రాల్చి, తెల్లని చిన్న పూలు గుత్తులుగా పూయును. కాయ కట్టెవలె గట్టిపడి, నల్లబడి, అయిదు రెక్కలుగా విచ్చును. విత్తులకు పలుచని రెక్కలుండుటచే గాలికి ఎగిరిపోవును. చేవ ముదురు ఎరుపు; మిక్కిలి బరువు; చెద దానికి జంకును.

విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు వైద్యుడు సామర్లకోటలో తోట వేసి, ఉత్తర సర్కారుల వృక్షములను పరిశీలించెను. రాజమహేంద్రవర ప్రాంతపు కొండలలోని ఈ చెట్టును 1795లో వెలువడనారంభించిన తన కోరమాండల్ తీర వృక్షముల గ్రంథమున వర్ణించి, చిత్రింపజేసెను. తెలుగువారు దేవాలయముల కొయ్యపనికి ఈ కలపనే వాడుదురనియు, ఇంతకన్న మన్నికయైనది వేరు లేదని వారి నమ్మకమనియు వ్రాసెను. 1830లో ఆడ్రియన్ జుస్సియూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేక ప్రజాతిగా నిర్ణయించి, సోమిద యను తెలుగు పేరునే దానికి స్థిరపరచెను. నేటికిని లోకమంతటి వృక్షశాస్త్రజ్ఞులకు ఇది ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా’. రెండవ పదమునకు జ్వరమును పారద్రోలునది యని అర్థము.

ఆ పేరునకు కారణము బెరడు. చేదును వగరును గల ఆ బెరడును చలిజ్వరములకు సింకోనా బెరడునకు బదులుగా వాడి చూచిరి. 1820లో సింకోనా నుండి క్వినైను వేరు చేయబడెను. సోమిదలో క్వినైను లేదు. కావున ఆ వాడుక తగ్గెను. నాటువైద్యమున మాత్రము బెరడు నిలిచెను.

ఇచ్చటనే ఒక ప్రమాదమున్నది. ఆకులలో తయారగు ఆహారము బెరడులోని లోపొర గుండా వేళ్లకు దిగును. మ్రాను చుట్టును బెరడొలిచినచో ఆ దారి తెగును. వేళ్లు పస్తుండి, కొంతకాలమునకు చెట్టు నిలువున ఎండును. ఒక రోగికి కషాయము కాచుటకు గుప్పెడు బెరడు చాలును. ఆశకొలది ఒలిచినవాడు తరువాతి రోగికి మందు లేకుండ చేయుచున్నాడు.

కావున పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఈ చెట్టును చూపవలెను. కాయలు విచ్చు వేళకు విత్తులు ఏరి, తొలకరికి నారు పోసి, గ్రంథాలయ ఆవరణమున నొక మొక్కను నాటినచో ఈ రజతోత్సవమునకు తగిన గురుతు కాగలదు. తెలుగు పేరును గ్రంథములు కాపాడినవి. చెట్టును కాపాడవలసినవారు గ్రామస్థులు.