పాపసంకీర్తన స్థలానికి వచ్చిన అవిశ్వాసి
(విచారణ యువజనుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



మన మేత్రాసనానికి నూరేండ్లు నిండిన ఈ శుభసమయంలో జ్ఞానస్నానాల లెక్కలు, దేవాలయాల లెక్కలు మీరు వింటూనే ఉన్నారు. మేము ఆ లెక్కలకు అందనివారిని గూర్చి మాట్లాడదలచాము. వారు పరాయివారు కారు. చిన్ననాడు దివ్య సత్ప్రసాదం స్వీకరించి, కాలేజీకి వెళ్ళాక దేవుడు లేడని నిశ్చయించుకొని, క్రిస్మస్ రాత్రి అమ్మ మాట కాదనలేక గుడి ఆవరణలో చెట్టు క్రింద నిలబడే మన బిడ్డలే.

అటువంటి యువకుడొకడు 1886లో పారిస్ నగరంలో ఉండేవాడు. పేరు చార్లెస్ ది ఫుకో. 1858లో స్ట్రాస్‌బర్గ్‌లో కతోలిక కుటుంబంలో పుట్టి, ఆరేండ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకొని తాతగారి పెంపకంలో పెరిగాడు. పదహారేండ్ల ప్రాయానికి విశ్వాసం జారిపోయింది. సైన్యంలో అధికారి అయి, తాతగారి ఆస్తిని విందు వినోదాలకు ఎంతగా తగలేశాడంటే, చివరకు బంధువులు కోర్టు ద్వారా అతని ఖర్చులకు కట్టడి చేయించారు. పిమ్మట సైన్యం విడిచి, క్రైస్తవులకు ప్రవేశంలేని మొరాకో దేశంలో 1883–84లో యూదుని వేషంలో తిరిగి, ఆ పరిశోధనకు బంగారు పతకం పొందాడు. అక్కడ మహమ్మదీయులు ప్రార్థించే తీరు అతని మనస్సును కదిలించింది. దేవుని ఊసు అతనికి మరల తగిలింది గుడిలో కాదు!

పారిస్‌కు వచ్చాక అతణ్ణి ఆదరించినవారిలో మేనత్త కూతురు మరీ ద బొందీ ముఖ్యురాలు. ఎనిమిదేండ్లు పెద్దది, మన వరుసలో వదినగారు. ఆమె నిత్యం పూజకు పోయే భక్తురాలు. అయినా అతనితో వాదానికి దిగలేదు, దెప్పలేదు, ఇంటికి రానిచ్చింది. ఇంతటి తెలివిగల మనిషి నమ్మే మతం వట్టి పిచ్చితనం కాజాలదని తనకు తోచినట్లు అతడే తరువాత వ్రాశాడు. దేవుడనేవాడు ఉంటే తనను తాను తెలియజేసుకోవాలని వేడుకుంటూ గుళ్ళలో గంటల తరబడి కూర్చోసాగాడు. నమ్మకం ఇంకా లేదు. అయినా అది ప్రార్థనే అని మా అభిప్రాయం.

అక్టోబరు చివరిలో ఒక ఉదయం పునీత అగస్తీను దేవాలయంలో, పాపసంకీర్తన స్థలంలో ఉన్న హువెలిన్ గురువుల వద్దకు వెళ్ళాడు. తాను సంకీర్తనానికి రాలేదనీ, మతాన్ని గూర్చి బోధించమనీ అడిగాడు. గురువులు పుస్తకం తెరవలేదు. మోకరించి పాపాలు ఒప్పుకొమ్మన్నారు. పరగడుపునే ఉన్నాడని తెలుసుకొని వెంటనే సత్ప్రసాదానికి పంపారు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేండ్లు.

తరువాతి కథ మీకు తెలిసినదే. 1890లో మఠప్రవేశం, 1901లో గురుపట్టం, సహారా ఎడారిలో తువారెగుల నడుమ జీవితం, 1916 డిసెంబరు 1న తుపాకి గుండుకు మరణం. 2022 మే 15న ఫ్రాన్సిస్ జగద్గురువులు ఆయనను పునీతుడుగా ప్రకటించారు. మన కన్యాకుమారి ప్రాంతపు దేవసహాయం పునీతుడైనదీ ఆనాడే.

మరి మన ఇండ్లలో ఏమి జరుగుతోంది? అన్నం కంచం ముందే తగవు. అది లేకుంటే చుట్టాల ఎదుట, “మావాడు గొప్ప మేధావి అయ్యాడు లెండి” అనే ఎత్తిపొడుపు. ఆ కుర్రవాడు ఎన్నడైనా గుడిలో అడుగు పెడితే, “ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?” అని పలుకరించేది మనమే.

హువెలిన్ గురువుల పద్ధతి అందరికీ పనికివస్తుందని మేము అనము. ఆ ఏడాదే, ఆ నగరంలోనే, క్రిస్మస్‌నాటి సాయంకాల ప్రార్థనలో పద్దెనిమిదేండ్ల పోల్ క్లోదెల్ అనే విద్యార్థికి నోత్రుదాము దేవాలయంలో, మరియమాత స్తోత్రగానం వింటుండగా, ఒక్క క్షణంలో విశ్వాసం కలిగింది. తరువాతి కాలంలో గొప్ప కవి అయ్యాడు. కాని పాపసంకీర్తనానికీ సత్ప్రసాదానికీ అతడు తిరిగి వచ్చేసరికి నాలుగేండ్లు పట్టి, 1890 క్రిస్మస్ వచ్చింది. అడ్డుపడింది సందేహాలు మాత్రమే కాదు. నలుగురూ నవ్వుతారన్న జంకు కూడా. శుక్రవారం మాంసం తిననని ఇంట్లో చెప్పాలంటేనే అతనికి చెమటలు పట్టేవట.