ఎర్రమంజిల్ మనది కాదా?

 

మనం కూసున్న ఈ తంజోంగ్ పగార్‌ల, నీల్ రోడ్డు మూలమీద జిన్‌రిక్షా స్టేషన్ ఉన్నది. 1903ల కట్టిన్రు. రిక్షాలను తనిఖీ చేసే ఆఫీసు, అంతే. దాన్ని గూడ కాపాడుకున్నరు. 1989ల ఈ పేటనే పరిరక్షణ ప్రాంతంగ ప్రకటించిన్రు. అది చూసినప్పుడల్లా నాకు ఎర్రమంజిల్ యాదికొస్తది.

సుమారు 1870ల నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టిన మహల్ అది. వందకు పైగా గదులు. ఫలక్‌నుమా కట్టిన వికారుల్ ఉమ్రాతోని పందెం కాసి కట్టిండని చెప్తరు. కథ ఎట్లున్నా పేరు మాత్రం ముచ్చటైనది. ఫారసీల ఇరం అంటే స్వర్గం. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేటోళ్లు. రెండు భాషలు ఒక్క పేరుల కలిసినయి. తర్వాత అది సర్కారు ఆస్తి అయింది, ఇంజనీర్ల ఆఫీసులు వచ్చినయి.

ఉద్యమంల మనం ఏమన్నం? 1956కు ముందే హైదరాబాద్ మహానగరం, ఎవరో వచ్చి కట్టలేదు అన్నం. సాక్ష్యంగ ఈ కట్టడాలనే చూపినం. అసుంటిది, 2019 జూన్ 27న మన సొంత సర్కారే ఎర్రమంజిల్ కూలగొట్టి కొత్త అసెంబ్లీ కడతమని శంకుస్థాపన చేసింది! అంతకుముందే, 2015ల, వారసత్వ కట్టడాలకు రక్షణగ ఉన్న 13వ నిబంధనను తీసేసిన్రు. తోవ ముందే సాపు చేసుకున్నట్టు లేదా?

నవాబు మహల్ మీద మనకేం ప్రేమ అని కొందరు దోస్తులు అడిగిన్రు. సాయుధ పోరాటంల గడీల మీద పడ్డ జనానికి కారణం ఉండె, వెట్టి ఉండె. ఎర్రమంజిల్ మీద ఎవలకు కోపం? అడ్డం ఉన్నదని కూలగొడ్తమన్నరు, అంతే. జాగ ఇంకోకాడ దొరకదా?

2019 సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. సంతోషమే. కానీ కోర్టు కొట్టేసింది ఆ ఒక్క నిర్ణయాన్నే. రేపు ఇంకో కేబినెట్ ఇంకో ప్లాన్ గీస్తే? రాష్ట్రం కోసం సంతకాలు పెట్టినోళ్లం, ఆ మహల్‌కు గట్టి రక్షణ ఇయ్యమని ఇంకో అర్జీ పెడదాం. ముసాయిదా తయారుంది, పోయే ముందు చదివి సంతకం చెయ్యున్రి. బతుకమ్మకు ఊరికి పోయేటోళ్లు ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్‌ల దిగి ఆ మహల్ ఎట్లున్నదో చూసి, ఫోటోలు తీసుకరాన్రి. అర్జీకి జోడిద్దాం.