బేరింగు మార్చిన పిమ్మట వెలిగెడు దీపములు



మన పల్లెలలో నేడు ఎడ్లబండ్లకంటె సరకు మోయు మోటారుబండ్లే ఎక్కువగా కానవచ్చుచున్నవి. మిరపబస్తా గుంటూరు చేరవలెనన్నను, మామిడికాయ నూజివీడునుండి కదలవలెనన్నను లారీయే గతి. ఇంటికొక కుమారుడో మేనల్లుడో అప్పుచేసి బండి కొనినవాడు ఉండును. బండి షెడ్డులో నిలిచినను అప్పువారి వాయిదా నిలువదు. కావున మరమ్మతు సంగతి తోలువానికే కాక ఇంటి పెద్దకును కొంత తెలిసియుండుట మేలు. నేడు నేను చెప్పబూనినది అట్టి యొక విషయము. చక్రములోని బేరింగు మార్చిన వెంటనే, డ్రైవరు ముందరి పలకపై అంతకుముందు లేని దీపములు వెలుగుచుండును. అవి ఏల వెలుగును? వానిని చూచి ఏమి చేయవలెను?

బేరింగు పనిని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇరుసునకు కందెన పెట్టిన చేతులు మీవి. ఇరుసునకును చక్రపు నాభికిని నడుమ ఒరపిడి తగ్గించుటయే దాని పనియు. బరువుబండ్లలో వాడు, ఒక కొన సన్నగిల్లిన రోలర్ల బేరింగునకు 1898లో అమెరికాలో హెన్రీ టిమ్కెన్ అనునతడు పేటెంటు పొందెను. అతడును మొదట గుర్రపుబండ్లు చేయించినవాడే.

అయితే ఎడ్లబండికి లేని సంగతి యొకటి లారీ నాభిచెంత చేరినది. చక్రము ఎంత వేగముతో తిరుగుచున్నదో కనిపెట్టి చెప్పు చిన్న పరికరమది. షెడ్డులలో సెన్సారు అందురు. అన్ని మూలలనుండియు వచ్చు వార్తలు ఒక పెట్టెకు చేరును. బ్రేకు వేసినప్పుడు ఏదేని ఒక చక్రము తక్కినవానికంటె హఠాత్తుగా మందగించినచో, అది బిగుసుకొని జారబోవుచున్నదని ఆ పెట్టె గ్రహించి, ఆ చక్రపు బ్రేకును క్షణకాలము సడలించి మరల పట్టించును. సెకనునకు పలుమార్లు ఇట్లు జరుగును. దీనినే ఏబీఎస్ అని పిలుచుచున్నారు. 1978లో బాష్ కంపెనీవారు దీనిని మెర్సిడెస్ కార్లకు అమర్చిరి. 1981లో వాబ్కోవారు బరువు లారీలకు తెచ్చిరి. మన దేశమున 2015 నుండి బరువు లారీలకు తప్పనిసరి యైనది.

సెన్సారు పనిచేయు తీరు తెలిసినగాని దీపము మర్మము తెలియదు. బరువు లారీ హబ్బునకు పండ్లచక్రమొకటి బిగించియుండును. దానికి సాధారణముగా 100 పండ్లు. దాని యెదుట అయస్కాంతమును రాగితీగ చుట్టయు గల, వ్రేలంతటి సెన్సారు నిలిచియుండును. పన్ను ఎదురుగా పోయినప్పుడెల్ల తీగలో స్వల్పముగా విద్యుత్తు పుట్టును. నడుమ సందు పెరిగినకొలది ఆ విద్యుత్తు క్షీణించును. ఈ సెన్సారును బోల్టుతో బిగింపరు. స్ప్రింగు తొడుగులో బిగువుగా దూర్చెదరు. హబ్బు ఊడదీసి మరల ఎక్కించునప్పుడు అది వెనుకకు జరుగును. దానిని పండ్లచక్రమునకు తగులువరకు చేతితో నెట్టవలెను. సుత్తి తగులరాదు. చక్రము తిరిగినప్పుడు తనకు కావలసిన సందును అదియే చేసికొనును. బేరింగు పని పిదప వెలిగిన దీపము ఈ ఒక్క నెట్టుటతోనే ఆరిన సందర్భములు తక్కువ కావు. దీనికి కొత్త సెన్సారు కొనిపించువాడు మీకు మిత్రుడు కాడు.

బేరింగును వదులుగా బిగించినను దీపము వెలుగును. హబ్బు ఊగుచుండగా పండ్లు సెన్సారును తట్టి తట్టి వెనుకకు నెట్టివేయును. చేతితో ఎన్నిసారులు ముందుకు నెట్టినను నాలుగు మైళ్లకు మరల అదే దీపము. ఇట్టి సందర్భమున తప్పు సెన్సారుది కాదు. అది బేరింగు తప్పును చాటుచున్నది. ఈ జాతి బేరింగునకు ఇరుసుపొడవున ఉండదగిన ఆట మిల్లీమీటరులో నలువదవ వంతు మొదలు ఎనిమిదవ వంతు వరకు మాత్రమే. ఇది డయల్ గేజితో కొలువవలసినదే గాని చేయి పట్టి ఊపి చెప్పగలది కాదు. బిగువు మితిమీరినను కీడే. రోలర్లు వేడెక్కి, గ్రీజు కరగి, నడిత్రోవలో హబ్బు పట్టుకొనును.

చిన్న సరకుబండ్లలో కొన్నింటియందు పండ్లచక్రముండదు. బేరింగు అంచున నల్లని రబ్బరు సీలువలె కనబడు కట్టులో ఉత్తర దక్షిణ ధ్రువములు ఒకదాని వెంట ఒకటి నింపియుండును. కంటికి ఏమియు కానరాదు. అది సెన్సారు వైపుననే ఉండవలెను. తెలియని మేస్త్రీ బేరింగును తలక్రిందులుగా ప్రెస్సులో దింపినచో చక్రము హాయిగా తిరుగును, చప్పుడు ఉండదు, దీపము మాత్రము ఆరదు. బేరింగు మరల ఊడదీయుట తప్ప దీనికి మందు లేదు. కావున ఎక్కించుటకు ముందే చిన్న ఇనుపగుండుసూదిని రెండు ప్రక్కలకును చేర్చి, ఏ ప్రక్క లాగునో చూచుకొనుట మంచిది. ఆ కట్టును సుత్తితో కొట్టరాదు. ఇనుపరజను నేలపై పెట్టరాదు.

ఇక దీపముల సంగతి. పచ్చని ఏబీఎస్ దీపమొక్కటే వెలిగినచో మామూలు బ్రేకు పనిచేయుచునే యుండును. జారకుండ కాపాడు తోడు మాత్రము పోయినది. దానితోపాటు ఇంకొకటి రెండు పచ్చదీపములు వెలిగిన, మూడు రోగములు వచ్చినవని బెదరవలదు. ఒకే సెన్సారు వార్తపై ఆధారపడిన పనులన్నియు ఒక్కసారి చాలించుకొనినవి. కాని ఎఱ్ఱని బ్రేకు దీపము వేరు. చేతిబ్రేకు వదలలేదో, చిన్నబండిలో బ్రేకు నూనె తగ్గినదో, లారీలో గాలి చాలలేదో చూడవలెను. ఎఱ్ఱనిదియు పచ్చనిదియు కలసి వెలిగిన బండిని కదపరాదు. ఏలయన చిన్నబండ్లలో వెనుక చక్రముల బ్రేకును ముందువానితో సమముగా పంచు ఏర్పాటును పోయియుండవచ్చును. అట్టి బండి బ్రేకు వేయగానే అడ్డము తిరుగగలదు.

మేస్త్రీ ముందుగా చేయవలసినది స్కానరు తగిలించి ఏ చక్రపు వార్త రాలేదో చదువుట. బరువు లారీల సంకేతములలో 789 అనగా ముందు ఇరుసు ఎడమ చక్రము, 790 కుడిది. 791, 792 వెనుక ఇరుసు ఎడమ కుడి చక్రములు. ఈ నాలుగు సంఖ్యలను ఇంటి పెద్ద కాగితముపై వ్రాసియుంచుకొనిన నష్టము లేదు. పని జరిగిన చక్రమునే స్కానరు చూపినచో ఆ పనిలోనే లోపము వెదకవలెను. వేరొక చక్రమును చూపిన, చేసినవానిపై నింద మోపుట న్యాయము కాదు. డబ్బు చేతులు మారుటకు ముందు ఈ చదువు జరిగిన, బజారులో తగవు తప్పును.

పిమ్మట కన్ను, పిదప కొలత. ప్లగ్గు టక్కున పట్టినదా? తీగను క్లిప్పులలో పెట్టిరా, టైరునకు ఒరయుచున్నదా? చక్రమును ప్రక్కకు త్రిప్పినప్పుడు తీగ బిగియుచున్నదా? సెన్సారు కొనకు ఇనుపపొడి అంటినదా? పండ్లలో విరిగినది కలదా? పాత బేరింగు ఊగిన కాలముననే అవి దెబ్బతినియుండవచ్చును. ఇవియన్నియు బాగున్నచో మీటరు. తీగచుట్ట గల సెన్సారు సాధారణముగా వేయి ఓములకు పైగా చూపును. చక్రమును సెకనునకు అరచుట్టు చొప్పున చేతితో త్రిప్పిన కనీసము 0.2 వోల్టు పుట్టవలెను. చిన్నబండ్ల అయస్కాంతపు కట్టు సెన్సారునకు ఈ ఓముల పరీక్ష చేయరాదు, అది చెడును. ఒక్కొక్కప్పుడు ఏ లోపమును ఉండదు. పని నడుమ ప్లగ్గు ఊడదీసి తాళము త్రిప్పుటచేత పాత ఫిర్యాదు పెట్టెలో నిలిచియుండును. దానిని స్కానరుతో చెరిపి బండిని నడిపి చూచిన చాలును.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. "లైటే గదా బాబుగారూ, బల్బు పీకేస్తే సరి" అను సలహా ఏ రోడ్డుమీదనైనను దొరకును. తొందరలోనున్నవానికి అది తీయగా వినబడును. దోర్నాలనుండి శ్రీశైలము పోవు కనుమలో వానవేళ, పది టన్నుల బరువుతో మలుపు దిగుచుండగా ఎదుట బస్సు వచ్చినదనుకొనుడు. కాలు బ్రేకుపై పడును. చక్రములు బిగుసుకొనును. బిగుసుకొనిన చక్రమునకు స్టీరింగు లొంగదు. ఆ సీటులో నున్నది మన పిల్లవాడు, ఎదుటి బస్సులో నున్నవారు ఎవరి పిల్లలో. దీపము వెలుగుచున్నంతకాలము వాడు మెల్లగా దిగవలెనని ఎరుగును. బల్బు తీసినవారు ఆ యెరుకను తీసినవారైరి.

పని ముగిసినపిమ్మట ఖాళీబండిని పది కిలోమీటర్లు నడిపించి, హబ్బుచెంత చేయి దగ్గరగా పెట్టి చూడవలెను, ముట్టుకొనరాదు, కాలవచ్చును. మార్చిన చక్రము ఎదుటి చక్రముకంటె మిక్కిలి వేడిగా నున్నచో బిగువు తప్పు. నూరు కిలోమీటర్లలోపుగా చక్రపు నట్లను మరల బిగింపవలెను. తాళము త్రిప్పగానే ఏబీఎస్ దీపము వెలిగి కొలది క్షణములలో ఆరుట ఆరోగ్యలక్షణము. లోపము సరిచేసిన లారీలలో కొన్నింట గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగము దాటినగాని ఆరదు. అది చూచి మరల షెడ్డునకు పరుగెత్తనక్కరలేదు. తాళము త్రిప్పినను అసలే వెలుగనిచో, బల్బు మాడినదో ఎవరో తీసినదో. పాతలారీ బేరమాడునప్పుడు ఇంజను చప్పుడు వినుటకు ముందే ఈ దీపమును చూడుడు.